మైలేజీ తగ్గిందని బేరింగు మార్పించారా? అసలు దొంగ పక్కనే ఉన్నడు

ఇవాళ టేబుల్ మీద ల్యాప్‌టాప్ లేదు, కొత్త ఫోన్ లేదు. ఇగో, ఇది ఉంది. (పాత బేరింగును చేత్తో తిప్పుతూ) విన్నరా ఆ గరగర? మైక్ దగ్గర పెడ్త, మళ్లీ వినండి. ఇది నా కారు ముందర ఎడమ చక్రంలోంచి తీసింది. దీని పక్కన ఇంకోటి ఉంది చూడండి, కాలి నీలం రంగు తిరిగింది. ఇది ఆదిలాబాద్‌లో మా చిన్నాయన ట్యాక్సీది. ఈ రెండింటి కథే ఇవాళ్టి ఎపిసోడ్.

రెండు చోట్లా మేం చేసిన తప్పు ఒక్కటే. బేరింగు సంగతిని మైలేజీతో కొలిచినం. నా కారు విషయంలో మైలేజీ పడిపోయింది కాబట్టి బేరింగే కారణం అనుకున్నా. చిన్నాయన కారు విషయంలో మైలేజీ బాగానే ఉంది కాబట్టి బేరింగుకు ఇంకా టైం ఉందనుకున్నడు. నాకు డబ్బులు పోయినయ్, అంతే. ఆయనకు మాత్రం అర్ధరాత్రి, రోడ్డు మీద, కారు నిండా మనుషులు ఉన్నప్పుడు అయింది. అందులో నా మాట కూడా కొంత పనిచేసింది. అది తర్వాత చెప్త.

ముందు నా కథ. నాది 2014 మోడల్ చిన్న పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న. హైవే మీద లీటరుకు 19 కిలోమీటర్లు ఇచ్చేది. ఒక వానాకాలం అయినంక చూస్తే 16 కు వచ్చింది. ఊరికే మీటర్‌లో చూపించే నంబర్ కాదు. ఒకే బంకు, ఒకే పంపు, ఆటో కటాఫ్ పడేదాకా ట్యాంకు నింపి, మళ్లీ నింపినప్పుడు లీటర్లతో కిలోమీటర్లను భాగించి తీసిన లెక్క. అట్ల మూడు ట్యాంకులు చూసిన. మూడుసార్లూ 16 దగ్గరే. లీటరు నూరు దాటిన పెట్రోల్‌కు మూడు కిలోమీటర్లు పోతున్నయంటే మామూలు విషయం కాదు.

అదే టైంలో 50 దాటితే చాలు, ముందర ఎడమ పక్క నుంచి గుయ్యిమని సౌండ్ మొదలైంది. కరీంనగర్‌లోనే ఒక షెడ్డుకు తీసుకపోయిన. మెకానిక్ ఒక రౌండ్ వేసి వచ్చి, "బేరింగు పోయిందన్నా. అది పట్టేస్తుంటే ఇంజన్ గుంజుకుంట పోతుంది, పెట్రోల్ తాగదా మరి?" అన్నడు. వినడానికి ఎంత బాగుందో చూడండి. సౌండు ఉంది, మైలేజీ లేదు, రెండూ ఒకే నెలలో వచ్చినయ్. నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలో కూర్చొని బగ్గులు వెతికినోణ్ని, నాకన్నా అనుమానం రావాలె. రాలేదు. బేరింగు, లేబర్ కలిపి 2,600 ఇచ్చి ఇంటికొచ్చిన.

సౌండు పోయింది. కారు వెన్నపూస లెక్క పోతోంది. తర్వాతి ట్యాంకు లెక్క తీస్తే 16.2.

అప్పుడు కూర్చొని, ముందే వేయాల్సిన లెక్క వేసిన. బీటెక్‌లో మెకానిక్స్ పేపర్ ఉండె, పాస్ అయిన కూడా. ఆ లెక్కనే ఇప్పుడు మీతో చేస్త. భయపడకండి, కూడికలు, గుణకారాలే.

చదునైన రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల స్పీడులో ఒక చిన్న కారు పోతోంది. దాన్ని వెనక్కి లాగేవి ఏమేం ఉన్నయ్? మొదటిది గాలి. ఆ సైజు కారుకు, ఆ స్పీడులో, గాలి సుమారు 20 కిలోల బరువును తాడు కట్టి వేలాడదీసినంత బలంతో వెనక్కి నెడ్తది. రెండోది టైర్లు. రబ్బరు రోడ్డు మీద నొక్కుకుంటూ, లేస్తూ తిరుగుతది కదా, దానికి పోయేది ఇంకో 13 కిలోలు. మూడోది మన బేరింగులు. బాగున్న బేరింగు ఒక్కోటి తిరగడానికి సుమారు 1 న్యూటన్ మీటర్ తిప్పుడు బలం అడుగుతది అనుకుందాం, కొంచెం ఎక్కువే అనుకుంటున్నం. నాలుగు చక్రాలకు 4. టైరు అంచు దగ్గరికి వచ్చేసరికి అది మొత్తం కిలోన్నర కూడా కాదు. అన్నీ కలిపితే ఓ 34, 35 కిలోలు. అందులో నాలుగు బేరింగుల వాటా ఎంతనో చూసిండ్రా? నూటికి నాలుగు.

ఇప్పుడు ఒక బేరింగు పాడైంది. గుండ్లకు గుంతలు పడ్డయ్, గ్రీజులో మట్టి కలిసింది. అది నాలుగు రెట్లు గట్టిగా తిరుగుతోంది అనుకుందాం. అదనంగా పడే భారం కిలో పైన ఒక ముక్క. 35 లో ఒక కిలో. మైలేజీ 20 ఉంటే 19.5 కు రావచ్చు. ఆ అర కిలోమీటరు మీకు తెలుస్తదా? ఎదురుగాలి వస్తే అంతకంటే ఎక్కువ తేడా వస్తది. ఏసీ వేస్తే అంతకంటే ఎక్కువ పోతది.

"మరి అంత సౌండ్ వస్తోంది కదా, ఆ శక్తి ఎక్కడిది?" అని నేను కూడా అడుక్కున్న. సౌండ్‌కు అయ్యే ఖర్చు చాలా తక్కువ. మీ ఫోన్ స్పీకర్ ఎంత కరెంటు తింటదో, ఎంత గోల చేస్తదో చూడండి. గదంతా వినిపించే చప్పుడులో గాల్లోకి పోయే శక్తి ఒక వాటు కూడా ఉండదు. చెవి చాలా సున్నితమైంది, గుంత పడ్డ గుండు తిరిగితే వెంటనే పట్టేస్తది. కానీ చెవికి పెద్దగా వినిపించేది పెట్రోల్ ట్యాంకుకు పెద్ద విషయం కానక్కర్లేదు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది. దీన్ని తిరగేసి చూద్దాం. నా మైలేజీ 19 నుంచి 16 కు పడింది. అంటే పెట్రోల్ ఖర్చు దగ్గర దగ్గర 19 శాతం పెరిగింది. అంత పెరగాలంటే కారును కనీసం ఇంకో ఆరున్నర కిలోల బలం వెనక్కి లాగుతుండాలె. 80 స్పీడులో ఆ బలం తినే పవర్ ఎంతంటే 1,400 వాట్లు. మన ఇంట్లో ఇస్త్రీ పెట్టె 1,000 వాట్లది. అంటే నా చక్రం నడుమ, పిడికిలంత బేరింగులో, దాదాపు ఒకటిన్నర ఇస్త్రీ పెట్టెలు ఆగకుండా గంటలకొద్దీ కాలుతుండాలె. రాపిడికి పోయిన శక్తి ఎక్కడికీ మాయం కాదు, అక్కడికక్కడే వేడైతది. మామూలు లిథియం గ్రీజు 120 డిగ్రీలు దాటి అదేపనిగా కాలితే చెడిపోతది. ఆ లెక్కన నా బేరింగు కరీంనగర్‌లో బయలుదేరితే జగిత్యాల చేరకముందే పొగ రావాలె. నేనేమో నెలరోజులు తిరిగిన.

కాబట్టి పెట్రోల్‌ను కళ్లకు కనిపించేంత తినే బేరింగు ఎక్కువ రోజులు బతకదు. వారాల తరబడి మైలేజీ తక్కువగా ఉంటే, ఆ దొంగ అంత వేడిని తట్టుకోగలిగినోడై ఉండాలె. చక్రం దగ్గర అట్లాంటోడు ఒక్కడే ఉన్నడు. బ్రేకు.

బ్రేకు డిస్కు పుట్టిందే కాలడానికి. నా కారు బరువు 1,100 కిలోలు అనుకోండి, 80 స్పీడు నుంచి పూర్తిగా ఆపితే సుమారు 2,70,000 జూళ్ల వేడి బ్రేకుల్లోకి పోతది. ఇందాక చెప్పిన 1,400 వాట్లు మూడు నిమిషాలు నడిస్తే అంత వేడి. అంటే ఒక ప్యాడు డిస్కును లైట్‌గా పట్టుకొని ఉందంటే, మూడు నిమిషాలకోసారి మీరు కారు పూర్తిగా ఆపినట్టు. డిస్కుకు అది పెద్ద లెక్క కాదు. ఎర్రగా కాలదు, పొగ రాదు, సౌండూ రాదు. నెలల తరబడి మీ పెట్రోల్ తాగుకుంట సప్పుడు చేయకుండా ఉంటది.

నాకు ఇది దొరికింది నిర్మల్‌లో. ఆదిలాబాద్‌కు చిన్నాయన ఇంటికి పోతున్న. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు దగ్గర ఎన్‌హెచ్-44 ఎక్కిన. నిర్మల్‌లో చాయ్ తాగుదామని ఆగితే ఏదో కాలిన వాసన. ముందర ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ తగుల్తోంది. కుడి చక్రం దగ్గర ఏం లేదు. ఆదిలాబాద్‌లో చిన్నాయనకు తెలిసిన మెకానిక్ జాకీ పెట్టి లేపి చక్రం తిప్పితే అర చుట్టు కూడా తిరగలేదు. కాలిపర్ జారడానికి ఉండే పిన్నులు రెండుంటయ్ కదా, అందులో ఒకటి తుప్పు పట్టి ఇరుక్కుంది. దాని రబ్బరు బూటు ఎప్పుడో చిరిగింది, వానాకాలం నీళ్లు లోపలికి పోయినయ్. మనం బ్రేకు మీంచి కాలు తీసినా ప్యాడు వెనక్కి రాదు. ఎమరీ పేపరుతో గీకి, కొత్త బూటు వేసి, బ్రేకు గ్రీజు పెట్టిండు. 350 రూపాయలు. తిరుగు ప్రయాణంలో లెక్క తీస్తే 18.7.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పిండు. ఆ ప్యాడు వేడికి పక్కనే ఉన్న బేరింగు గ్రీజు నెలల పాటు ఉడికింది. నా మొదటి బేరింగు చచ్చింది బహుశా అందుకే. కరీంనగర్‌లో మేం దొంగ అని పట్టుకున్నది దెబ్బ తిన్నోణ్ని. బ్రేకును అట్లనే వదిలేసి కొత్త బేరింగు వేసినం కాబట్టి, అది కూడా అదే దారిలో పోయేది.

ఒక్క మాట. మన నమ్మకం గాల్లోంచి పుట్టింది కాదు. ఎడ్లబండి ఉన్న ఇంట్లో పుట్టినోళ్లకు తెలుసు, ఇరుసుకు కందెన పెట్టకపోతే బండి కీచుమంటది, ఎడ్లు రొప్పుతయ్. మా తాత ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి పెట్టేటోడట. అక్కడ ఇనుప ఇరుసు ఇనుప బుష్షులో నేరుగా రుద్దుకుంటది. కందెన ఉంటే ఒక తీరు, ఎండిపోతే మూడు రెట్లు. ఎడ్లకు అది నిజంగా తెలిసే బరువు. కానీ కారు చక్రంలో రుద్దుకోవడం లేదు, దొర్లడం ఉంది. గచ్చు మీద గోళీలు పోసి వాటి మీద పలక పెట్టి తోసినట్టు. దొర్లే దగ్గర రాపిడి ఎండిన బుష్షులో ఉన్నదాంట్లో నూరో వంతు. ఇప్పటి లారీల్లో ఉండే ఏటవాలు రోలర్ బేరింగుకు 1898లో పేటెంట్ తీసుకున్న హెన్రీ టిమ్‌కెన్ అనే అమెరికా ఆయన కూడా గుర్రబ్బండ్లు తయారుచేసేటోడే. జంతువు మీద భారం తగ్గియ్యాలని మొదలైన పని అది. ఆ పని ఎంత బాగా అయిందంటే ఇప్పుడు బేరింగు పాడైనా ఇంజన్‌కు పెద్దగా తెలియదు. మన మనసు మాత్రం ఇంకా ఎడ్లబండి లెక్కలోనే ఉంది.

సరే, ఇప్పుడు చిన్నాయన సంగతి.

ఆ రోజు ఆదిలాబాద్‌లో బ్రేకు బాగైన సంతోషంలో నేను ఈ లెక్కంతా ఆయనకు చెప్పిన. ఇస్త్రీ పెట్టె ముచ్చట కూడా చెప్పిన. చిన్నాయన నవ్వి, "అయితే బేరింగు మైలేజీ తినదంటవ్" అన్నడు. "తినదు చిన్నాయనా, అది పెద్ద లెక్కే కాదు" అన్న. నేను మాట్లాడింది పెట్రోల్ గురించి. ఆయన కారులో అప్పటికే ముందర కుడి పక్క గుయ్యిమంటోంది. ఆయన మనసులో అంతకుముందే ఒక ధైర్యం ఉంది: డీజిల్ బండి, 22 ఇస్తోంది, తగ్గలేదు, కాబట్టి బేరింగు ఇంకా బాగానే ఉంది. నా మాటతో ఆ ధైర్యం ఇంకింత పెరిగింది. సౌండ్ నేను కూడా విన్న. మార్పియ్యమని గట్టిగా చెప్పలేదు.

మూడు వారాలైనంక ఒక రాత్రి ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ కిరాయి. భార్యాభర్త, చిన్న పాప, ఒక ముసలాయన. గుడిహత్నూర్, ఇచ్చోడ దాటేదాకా సౌండ్ రోజులాగే ఉందట. నేరడిగొండ దగ్గరికొచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైట్ వెలిగింది. సెన్సర్ వైరు ఏదో ఊడిందనుకున్నడు. ఇంకో పది నిమిషాలకు స్టీరింగ్ వణకడం మొదలైంది. ముందర లారీ ఉందని బ్రేకు తొక్కితే, పెడల్ సగం దాకా ఖాళీగా దిగిపోయింది. రెండోసారి తొక్కితే పట్టింది. ఆ ఒక్క సెకను గురించి చిన్నాయన ఇప్పటికీ మాట్లాడడు, మాట మారుస్తడు. హజార్డ్ లైట్లు వేసి మెల్లగా పక్కకు తీసి ఆపి చూస్తే చక్రం పై అంచు లోపలికి వాలి ఉంది. కూర్చున్నోళ్లను ఇంకో బండి మాట్లాడి పంపిండు. తెల్లారి విప్పితే ఇది దొరికింది. (నీలం తిరిగిన బేరింగును కెమెరాకు చూపిస్తూ) ఈ రంగు పెయింట్ కాదు. ఉక్కు దగ్గర దగ్గర 300 డిగ్రీలు చూస్తేనే ఇట్ల నీలం తిరుగుతది.

ఏం జరిగిందో చెప్త. బేరింగులో లూజు పెరిగితే హబ్బు ఊగుతది. హబ్బుకే డిస్కు బిగించి ఉంటది, అది కూడా ఊగుతది. ఊగే డిస్కు ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తది. అందుకే మొదటి తొక్కుకు పెడల్ ఖాళీగా పోయింది. ఏబీఎస్ సెన్సర్ చక్రం నుంచి మిల్లీమీటర్ దూరంలో ఉండి తిరుగుడును లెక్కపెడ్తది, ఆ సందు మారిపోయేసరికి లైట్ వేసింది. చివరి దశలో గ్రీజు కాలిపోయి, గుండ్లు దొర్లడం మానేసి రుద్దుకోవడం మొదలైతది. ఎడ్లబండి ఇరుసు ఎండిపోయినట్టు. అప్పుడు, ఆఖరి గంటలో, ఆ బేరింగు నిజంగానే డీజిల్ తాగి ఉంటది. ఆ గంట మైలేజీని ఎవరు లెక్క తీస్తరు?

రైల్వే వాళ్లు దీన్ని ఎప్పుడో అర్థం చేసుకున్నరు. కాజీపేట నుంచి బల్లార్షా పోయే లైను మన పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగర్ మీదుగానే పోతది, బొగ్గు వ్యాగన్లు వస్తూపోతూ ఉంటయ్. ఆ వ్యాగన్ల ఇరుసు చివర కూడా రోలర్ బేరింగులే. అది వేడెక్కితే దాన్ని హాట్ యాక్సిల్ అంటరు. అట్లనే నడిపిస్తే ఇరుసే విరిగి వ్యాగన్ పట్టాలు తప్పొచ్చు. అందుకే గేటు దగ్గర, స్టేషన్ దగ్గర బండి పోతుంటే జెండా పట్టుకొని నిలబడేవాళ్లు చూసేవాటిలో పొగ, కాలిన వాసన, ఎర్రగా మెరిసే ఇరుసు ఉంటయ్. ఇంజన్ డీజిల్ ఎంత తాగిందో, కరెంటు ఎంత కాలిందో చూసి బేరింగు సంగతి చెప్పే పద్ధతి అక్కడ లేదు. చూసేది వేడి.

మనం కూడా అదే చేయొచ్చు. పాతిక, ముప్పై కిలోమీటర్లు హైవే మీద పోయినంక, బ్రేకు ఎక్కువ వాడకుండా మెల్లగా ఆగండి. నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి సెగ చూడండి. ముట్టుకోవద్దు, డిస్కు చెయ్యి కాలుస్తది, దూరం నుంచే తెలుస్తది. ముందర కుడి, ముందర ఎడమ ఒకే తీరు ఉండాలె. వెనుక రెండూ ఒకే తీరు ఉండాలె. ముందు చక్రాలు వెనుకవాటి కంటే కొంచెం వేడిగా ఉండటం మామూలే, ఎడమకూ కుడికీ తేడా ఉంటేనే అనుమానం. జ్వరం చూసే గన్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతయ్, అది ఉంటే ఇంకా మంచిది. కానీ కరోనా టైంలో నుదుటికి పెట్టినయ్ కాదు, అవి 40, 50 డిగ్రీల దగ్గరే ఆగిపోతయ్. ఇండస్ట్రియల్ అని ఉండేది తీసుకోండి.

ఒక పక్క వేడి ఉంటే అది బ్రేకా, బేరింగా? బండిని గట్టి నేల మీద పెట్టి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీతో చక్రం లేపండి. కారు కిందికి మాత్రం దూరకండి. చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. లూజుగా కొట్టుకుంటే బేరింగు మీద అనుమానం పెట్టండి, బాల్ జాయింటు కూడా కావచ్చు, మెకానిక్ చూస్తడు. తర్వాత చక్రం తిప్పుతూ ఇంకో చేత్తో సస్పెన్షన్ స్ప్రింగు పట్టుకోండి. పాడైన బేరింగు గరగర స్ప్రింగులోంచి వేళ్లకు తెలుస్తది. గరగర ఏం లేకుండా చక్రం బరువుగా తిరిగి వెంటనే ఆగిపోతే బ్రేకు పట్టి ఉన్నట్టు.

నడుస్తున్నప్పుడు గుర్తుపట్టడం ఇంకో తీరు. సౌండ్ టైరుదా, బేరింగుదా? తారు రోడ్డు మీంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే సౌండ్ మారిపోతే ఎక్కువగా అది టైరు. రోడ్డు మారినా అట్లనే ఉండి, స్పీడుతో పెరుగుతుంటే బేరింగు. పెద్ద వంపులో స్టీరింగ్ ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడ్తది. అప్పుడు సౌండ్ పెరిగితే చాలాసార్లు కుడిది పోయినట్టు. ఎప్పుడూ కాదు, చాలాసార్లు.

మన జిల్లాల్లో ఇవి ఎందుకు తొందరగా పోతయ్ అంటే, మొదటిది లోడు. బేరింగు ఆయుష్షుకు ఒక లెక్కుంది: బరువు పెరిగితే ఆయుష్షు ఘనంతో తగ్గుతది. అంటే 25 శాతం ఎక్కువ బరువు వేస్తే ఆయుష్షు సగం. రెట్టింపు వేస్తే ఎనిమిదో వంతు. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ బండలు మోసే లారీలను చూసేటప్పుడు, ఉట్నూరు దిక్కు పది మందిని ఎక్కించుకున్న జీపును చూసేటప్పుడు ఈ లెక్క గుర్తు చేసుకోండి. రెండోది నీళ్లు. 2022 జూలై వరదల్లో మంచిర్యాలలో కాలనీలే మునిగినయ్, ఎన్ని బండ్లు నీళ్లలో నిలబడ్డయో. హబ్బు దాకా నీళ్లు వచ్చిన బండికి ఇంజన్ ఆయిల్ మార్పిస్తరు, సీట్లు ఎండబెడ్తరు. బేరింగు సీలు దాటి లోపలికి పోయిన నీళ్ల సంగతి ఎవరికీ యాదికి రాదు. తుప్పు మెల్లగా తింటది, సౌండు కొన్ని నెలల తర్వాత మొదలైతది.

మూడోది సుత్తి. దీని మీద నాకు కొంచెం కోపం ఉంది. చాలా చిన్న కార్లకు ముందర బేరింగు బిగుతుగా లోపలికి దిగి ఉంటది, ప్రెస్ మిషన్ మీద పెట్టి బయటి రింగునే నొక్కుతూ దింపాలె. కొన్ని షెడ్లలో కొత్త బేరింగును సుత్తితో కొట్టి దింపుతరు. లోపలి రింగు మీద దెబ్బ పడితే ఆ దెబ్బంతా గుండ్ల మీంచి పోతది, రింగు మీద గుండు గుండుకూ ఒక సన్నని సొట్ట. డబ్బాలోంచి తీసిన రోజే అది పాత బేరింగు అయిపోయింది. మార్పించేటప్పుడు "ప్రెస్ ఉందా అన్నా?" అని అడగండి, లేకపోతే ప్రెస్ ఉన్న లేత్ షాపులో దింపుకొని రమ్మనండి. ఏబీఎస్ ఉన్న బండ్లలో చాలావాటికి బేరింగు సీలులోనే అయస్కాంతపు రింగు ఉంటది, తిరగేసి వేస్తే లైట్ ఆరదు. నట్టును టార్క్ పానాతో బిగించమనండి. పాత జీపులు, లారీల్లో ఉండే ఏటవాలు రోలర్ బేరింగునైతే మరీ బిగిస్తే అది నిజంగానే వేడెక్కుతది. అక్కడ మాత్రం మా కరీంనగర్ మెకానిక్ చెప్పిన మాటలో కొంత నిజం ఉంది.

నకిలీలు కూడా ఉన్నయ్. డబ్బా మీద పెద్ద కంపెనీ పేరు, లోపల ఇంకేదో. ఎస్‌కేఎఫ్ వాళ్లకు ఆథెంటికేట్ అనే యాప్, ఎఫ్ఏజీ బేరింగులు చేసే షెఫ్లర్ వాళ్లకు ఆరిజిన్‌చెక్ అనే యాప్ ఉన్నయ్. ఫోన్ చేతిలోనే ఉంటది కదా, డబ్బా విప్పకముందే చూసుకోండి.

మరి మైలేజీ కోసం ఏం చూడాలె? బ్రేకు పట్టుడు అయిపోయింది. గాలి: అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో సగటున 1 పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పోతది. చిన్నదే, కానీ గాలి కొట్టడానికి ఖర్చు లేదు. అన్నిటికంటే పెద్దది మన కుడి కాలు. 80 లో గాలి 20 కిలోలతో లాగుతుంటే 100 లో 31 కిలోలతో లాగుతది. ఎన్‌హెచ్-44 నున్నగా ఉందని ఆ 20 స్పీడు పెంచితే అదనంగా పడే భారం 11 కిలోలు. పాడైన బేరింగు వేసిన భారం గుర్తుందా? ఒక కిలో.

బైకులోళ్లు మాకేం లేదా అంటరు. మీకు బేరింగు కంటే ముందు వెనుక డ్రమ్ బ్రేకు, చైను. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనుక చక్రం చేత్తో తిప్పండి, రెండు మూడు చుట్లు తిరగాలె. బ్రేకు పెడల్ టైట్‌గా పెట్టించుకునే అలవాటు మనోళ్లకు ఎక్కువ. బైకు మీద మొత్తం భారమే తక్కువ కాబట్టి ఆ కాస్త రాపిడి కూడా మీటర్‌లో కనిపిస్తది. హ్యాండిల్ సంగతి వేరే, అది బిగుసుకుంటే కోన్ సెట్ చూపించుకోండి.

చిన్నాయన ఇప్పుడు కొత్త అలవాటు చేసుకున్నడు. కిరాయి మధ్యలో చాయ్‌కి ఆగినప్పుడల్లా బండి చుట్టూ ఒక రౌండ్ వేసి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తడు. కూర్చున్నోళ్లు దండం పెట్టుకుంటున్నడేమో అనుకుంటరట. ఈ నీలం బేరింగు నాకు వీడియో కోసమే ఇచ్చిండు, మళ్లీ ఆదివారం తీసుకపోయి ఇచ్చేయాలె. డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుంటడట.